పీఎస్‌ఎల్‌వీ మళ్లీ మూడో దశలోనే పోయింది. పిల్లలకు ఏం చెప్పాలి?

ఓర్వకల్లు సైన్స్ సార్
జనవరి 12, 2026, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. నేను ఓర్వకల్లు మండలంలో ఒక హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను. రాకెట్లు, విమానాల సంగతి బాగా తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారని అడుగుతున్నాను.

ఈరోజు పొద్దున మా తొమ్మిదో తరగతి పిల్లలు ఎనిమిది మంది మా ఇంటికి వచ్చారు. సంక్రాంతి సెలవులే అయినా పీఎస్‌ఎల్‌వీ-సీ62 ప్రయోగం కలిసి చూడాలని ముందే అనుకున్నాం. మా ఇంటావిడ అరిసెలు వేసి ఇస్తుంటే తింటూ టీవీ ముందు కూర్చున్నారు. మొదటి దశ అయింది, చప్పట్లు. రెండో దశ అయింది, చప్పట్లు. మూడో దశ చివరికొచ్చాక టీవీలో మాట్లాడేవాళ్ల గొంతు మారింది. కాసేపటికి మాటలే ఆగిపోయాయి. పిల్లలకు అప్పుడే అర్థమైపోయింది. తర్వాత ఇస్రో ఛైర్మన్ నారాయణన్ గారు వచ్చి, మూడో దశ చివర్లో రాకెట్ తన చుట్టూ తాను తిరిగే వేగంలో తేడా కనిపించిందని, ఆ తర్వాత దారి తప్పిందని చెప్పారు. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ కోసం పంపిన అన్వేష ఉపగ్రహం, దాంతో వెళ్లిన 15 చిన్నవి, ఒక్కటీ కక్ష్యకు చేరలేదు.

ఒక అమ్మాయి అడిగింది: "సార్, పోయిన మే నెలలో కూడా మూడో దశే కదా? ఒకసారి తప్పు చేస్తే మీరు ఏమీ అనరు. అదే తప్పు రెండోసారి చేస్తే పదిసార్లు రాయిస్తారు. మరి వాళ్లు దిద్దుకోలేదా?" ఎవరూ నవ్వలేదు. ఇంకో పిల్లాడు, "మన వల్ల కాదు సార్, అమెరికావాళ్లే చేయగలరు" అన్నాడు. ఆ మాట నాకు చాలా బాధ కలిగించింది.

మా పిల్లలకు ఇవి దూరపు సంగతులు కావు. పాలకొలను దగ్గర డీఆర్‌డీఓ పరీక్షా స్థలం ఉంది. పోయిన ఏప్రిల్ 13న 30 కిలోవాట్ల లేజర్‌తో డ్రోన్లను కూల్చింది అక్కడే. 2021 నుంచి మా మండలంలోనే విమానం దిగుతోంది. ఈ పిల్లల్లో ఒకరిద్దరైనా ఆ పనిలోకి వెళ్తారని నా ఆశ. సెలవులయ్యాక క్లాసులో ఈ ప్రశ్న మళ్లీ వస్తుంది. అబద్ధం చెప్పకుండా, వాళ్ల ఆశ చంపకుండా ఏం చెప్పాలి?

గండికోట గాలి
జనవరి 12, రాత్రి 9.42

సార్, ముందు ఆ అమ్మాయికి నా తరఫున శభాష్ చెప్పండి. టీవీలో కూర్చున్న పెద్దలకు రాని ప్రశ్న ఆ పిల్లకు వచ్చింది.

నా సలహా ఒకటే. "ఓటమి గెలుపుకు మెట్టు" అని మాత్రం చెప్పొద్దు. ఎందుకు పడ్డామో తెలుసుకుంటేనే మెట్టు అవుతుంది. 2025 మే 18న పీఎస్‌ఎల్‌వీ-సీ61 పోయింది. మూడో దశలో ఇంధనం మండే గదిలో పీడనం పడిపోయిందని ఆ రోజే చెప్పారు. కమిటీ వేశారు. ఆ కమిటీ నివేదిక జనం ముందుకు రాలేదు. ఎనిమిది నెలలు తిరక్కుండానే అదే రాకెట్, అదే దశ. రెండింటి కారణం ఒకటేనని నేను అనడం లేదు. కానీ మొదటిదాని కారణం బయటపెట్టి ఉంటే, ఈరోజు మీరు పిల్లల ముందు మాట లేకుండా నిలబడాల్సిన పరిస్థితి ఉండేది కాదు.

1979లో మన మొదటి ఉపగ్రహ రాకెట్ ఎస్‌ఎల్‌వీ-3 తొలి ప్రయోగంలోనే సముద్రంలో పడితే అప్పటి ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధవన్ గారు తానే పత్రికలవాళ్ల ముందుకు వచ్చారని మనం నలభై ఏళ్లుగా గొప్పగా చెప్పుకుంటున్నాం. ఆ పద్ధతి ఇప్పుడు ఏమైంది?

నల్లమల
జనవరి 12, రాత్రి 10.25

గండికోట అన్న చెప్పినదాంట్లో న్యాయం ఉంది. కానీ ఇస్రో ఎప్పుడూ దాచిపెట్టే సంస్థే అని పిల్లలు అనుకోకూడదు. వాళ్లు కారణం చెప్పిన సందర్భాలు చాలా ఉన్నాయి, సార్ క్లాసుకు పనికొచ్చేవి అవే. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను, నాకు ఇవన్నీ పాఠాల్లాంటివి.

మీ క్లాసులో అమ్మాయిలు ఉన్నారు కాబట్టి చిన్న ఉపగ్రహాల కోసం చేసిన ఎస్‌ఎస్‌ఎల్‌వీ రాకెట్ సంగతి ముందు చెప్పండి. 2022 ఆగస్టు 7న దాని మొదటి ప్రయోగం. అందులో ఆజాదీశాట్ అనే చిన్న ఉపగ్రహం ఉంది. దేశంలోని ప్రభుత్వ బడుల అమ్మాయిలు 750 మంది కలిసి దానికి పరికరాలు చేశారు. మూడు దశలూ బాగానే మండాయి. కానీ రెండో దశ విడిపోయేటప్పుడు వచ్చిన అదురుకు వేగం మార్పును కొలిచే యాక్సిలరోమీటర్లు రెండు సెకన్ల పాటు తమ హద్దు దాటిపోయాయి. అదురు ఆగాక అవి మళ్లీ మామూలయ్యాయి. కంప్యూటర్ మాత్రం ఆ రెండు సెకన్లు చూసి సెన్సర్లు పాడైపోయాయని నిర్ణయించుకుంది, వాటిని వదిలేసి వేరే పద్ధతిలో నడిపింది. 356 కిలోమీటర్ల ఎత్తులో గుండ్రటి కక్ష్య కావాలి. వచ్చింది ఒకవైపు 356, ఇంకోవైపు 76. అంత కిందికి వస్తే గాలి లాగేస్తుంది. అంతే, పోయింది.

ఈ కారణమంతా ఇస్రోనే బయటపెట్టింది. ఆ విడిపోయే పద్ధతి మార్చారు, సెన్సర్ చెడిందని తేల్చే ముందు చూసే సమయం పెంచారు. 2023 ఫిబ్రవరి 10న రెండో ప్రయోగం ఆజాదీశాట్-2ను కక్ష్యలో పెట్టింది. ఆ అమ్మాయిల వయసు ఇంచుమించు మీ పిల్లల వయసే సార్.

ఇక పీఎస్‌ఎల్‌వీ సొంత చరిత్ర. 1993 సెప్టెంబరు 20న దాని మొదటి ప్రయోగమే విఫలం. రెండో దశ విడిపోయేటప్పుడు కుదుపు వచ్చింది, దాన్ని సరిచేయాల్సిన సాఫ్ట్‌వేర్‌లో తప్పుంది. 1994 అక్టోబరు 15న గెలిచింది. 2017 ఆగస్టులో ఉపగ్రహం మీది తొడుగు విడిపోలేదు. మొన్నటి సీ61 దాని 63వ ప్రయోగం, ఈరోజుది 64వది. ముప్పై ఏళ్లలో ఇన్నిసార్లు ఎగిరిన రాకెట్ కాబట్టే ఇప్పుడు వరసగా రెండు పోవడం ఇంత బాధగా ఉంది.

ఓర్వకల్లు సైన్స్ సార్
జనవరి 12, రాత్రి 10.51

ఆజాదీశాట్ సంగతి నాకు పూర్తిగా తెలియదు. చాలా థాంక్స్. ఇంకో మాట. మూడో దశలో "గదిలో పీడనం పడిపోయింది" అంటే తొమ్మిదో తరగతికి ఎలా చెప్పాలి?

తుంగభద్ర తీరం
జనవరి 13, ఉదయం 6.05

సార్, చిచ్చుబుడ్డితో చెప్పండి. నేను ఐటీఐలో ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ని, ఇప్పుడు రిటైరయ్యాను. చేతిలో వస్తువు లేకపోతే పిల్లలకు ఎక్కదు.

పీఎస్‌ఎల్‌వీలో మొదటి దశ, మూడో దశ ఘన ఇంధనంవి. రెండోది, నాలుగోది ద్రవ ఇంధనంవి. ఘన ఇంధనం అంటే రబ్బరు లాంటి పదార్థంలో ఇంధనం, ఆక్సిజన్ ఇచ్చే రసాయనం కలిపి గట్టిపరిచింది. మూడో దశలో అది ఏడున్నర టన్నుల పైచిలుకు ఉంటుంది. ఒకసారి అంటించాక ఆపడం ఉండదు. చిచ్చుబుడ్డి కూడా అంతే కదా. మందు గట్టిగా కూరి, మూతి చిన్నగా ఉంటే లోపల ఒత్తిడి పెరిగి పూలు ఎత్తుకు లేస్తాయి. మూతి అరిగి వెడల్పయినా, బుడ్డి ఎక్కడైనా పగిలి పక్కనుంచి పొగ పోతున్నా ఒత్తిడి దిగిపోతుంది, పూలు కిందకే రాలతాయి. రాకెట్‌లో అలా పక్కనుంచి వాయువు పోతే ఇంకో కష్టం ఉంది. అది రాకెట్‌ను ఆ పక్క నుంచి నెడుతుంది, తిప్పేస్తుంది. మొన్న, నిన్న జరిగింది ఇదేనని నేను చెప్పడం లేదు. పీడనం తగ్గడం అంటే ఏమిటో పిల్లలకు కళ్లకు కట్టడానికి చెప్తున్నాను.

ముఖ్యమైన సంగతి ఇంకొకటి. మీరు స్కూటర్ కొంటే ఎక్కించి నడిపి చూసి ఇస్తారు. ఘన ఇంధనం మోటారును అలా నడిపి చూసి పంపడం కుదరదు. మండిస్తే అయిపోయింది. దానికి తోబుట్టువు లాంటి ఇంకో మోటారును నేల మీద మండించి చూస్తారు. ఎగిరేదాన్ని మాత్రం ఎక్స్‌రే లాంటి పరీక్షలతో, తయారీలో ప్రతి అడుగూ రాసి పెట్టుకుని నమ్మాలి. అందుకే ఆ తయారీ కాగితాలకు అంత విలువ. ఒక తొట్టె మందు కలపడంలో తేడా వచ్చినా, ఒక అంటింపు సరిగ్గా అతకకపోయినా అది ఆకాశంలోనే తెలుస్తుంది.

అనంత ఏరో
జనవరి 13, ఉదయం 8.30

తుంగభద్ర సార్ కాగితాల మాట ఎత్తారు కాబట్టి నేనూ రాస్తున్నాను. మాది అనంతపురం. బెంగళూరులో విమానాల మెయింటెనెన్స్ ఇంజినీర్‌గా చేస్తున్నాను.

"అమెరికావాళ్లే చేయగలరు" అన్న ఆ బాబుకు అమెరికా విమానాల కంపెనీ బోయింగ్ కథ చెప్పండి సార్. వాళ్ల 737 మ్యాక్స్ విమానంలో పెద్ద ఇంజన్లు పెట్టారు, అవి రెక్కకు ముందుకు, పైకి వచ్చాయి. కొన్ని సందర్భాల్లో ముక్కు పైకి లేచే స్వభావం వచ్చింది. దాన్ని అదుపు చేయడానికి ఎమ్‌కాస్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టారు. అది ముక్కును తనంతట తాను కిందికి నెడుతుంది. విమానానికి గాలి కోణాన్ని కొలిచే సెన్సర్లు రెండు ఉంటాయి, ఎమ్‌కాస్ మాత్రం ఒకదాన్నే నమ్మేది. పైలట్ల మాన్యువల్‌లో దాని ఊసే లేదు. 2018 అక్టోబరు 29న ఇండోనేషియాలో లయన్ ఎయిర్ విమానం, 189 మంది. 2019 మార్చి 10న ఇథియోపియాలో 157 మంది. అందరూ చనిపోయారు. రెండుసార్లూ ఒక సెన్సర్ తప్పు చెప్పింది, సాఫ్ట్‌వేర్ దాన్ని నమ్మి ముక్కును కిందికి నెడుతూనే పోయింది. ఆ తర్వాత మ్యాక్స్‌లు ఇరవై నెలలు నేల మీదే ఉన్నాయి.

అక్కడితో ఆగలేదు. 2024 జనవరి 5న అలాస్కా ఎయిర్‌లైన్స్ మ్యాక్స్‌కు గాల్లోనే తలుపు స్థానంలో బిగించిన పలక ఊడిపోయింది. నాలుగు బోల్టులు బిగించాలి. ఫ్యాక్టరీలో ఆ పలక తీసి మళ్లీ పెట్టినప్పుడు బోల్టులు పెట్టలేదు, తీసినట్టు కాగితం మీద రాయనూ లేదు. రాసి ఉంటే తర్వాతివాడు చూసేవాడు. అదృష్టం, ఎవరూ చనిపోలేదు. నేను ఆ వార్త చదివిన రాత్రి నిద్రపోలేదు. నా సంతకం ఉన్న ప్రతి కాగితమూ కళ్ల ముందు తిరిగింది.

నా సొంత అనుభవం ఒకటి చెప్తాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. రాత్రి షిఫ్టు అయిపోతుండగా పనిముట్ల పెట్టెలో నట్లు బిగించే సాకెట్ ఒకటి కనిపించలేదు, బొటనవేలంత ఉంటుంది. నాతో పనిచేసే జూనియర్ అబ్బాయి తనే వచ్చి, "అక్కా, నా పెట్టెలో ఒకటి తక్కువుంది" అన్నాడు. భయంతో చేతులు వణుకుతున్నాయి. విమానం పొద్దున ఆరింటికి బయలుదేరాలి. సూపర్‌వైజర్ ఒక్క మాట అనకుండా విమానం ఆపేశారు. ఇంజన్ మూతలు మళ్లీ విప్పి, టార్చిలు పట్టుకుని మూడున్నర దాకా వెతికాం. చివరికి ఇంకొకరి జాకెట్ జేబులో దొరికింది. విమానం లేటయింది. ఆ అబ్బాయిని అందరి ముందు నిలబెట్టి మెచ్చుకున్నారు. ఆ రోజు వాణ్ని తిట్టి ఉంటే, మరుసటిసారి వాడు చెప్పడు. వాడే కాదు, చూసినవాళ్లెవరూ చెప్పరు.

సార్, క్లాసులో మీరు అడగాల్సింది "ఎవరు బాగా చేస్తారు, మనమా అమెరికానా" అని కాదు. తప్పు కనిపించినప్పుడు చెప్పేవాడికి అక్కడ ఏం జరుగుతోంది అని.

గండికోట గాలి
జనవరి 13, ఉదయం 9.15

అనంత మేడమ్ రాసింది చదివి కాసేపు ఊరకే కూర్చున్నాను. నా సంగతి కూడా చెప్తాను, నా కోపం ఎక్కడిదో మీకు తెలియాలి.

మా నాన్న ఎయిర్‌ఫోర్సులో టెక్నీషియన్. మిగ్-21 యుద్ధ విమానాల మీద పనిచేశారు. ఆ విమానాలు 1963లో వచ్చాయి. వాటి స్థానంలో మన సొంత తేలికపాటి విమానం రావాలని 1983లో ప్రభుత్వం ఒప్పుకుంది. అదే తేజస్. అది మొదటిసారి ఎగిరింది 2001 జనవరి 4న. స్క్వాడ్రన్‌లోకి వచ్చింది 2016 జూలైలో. మిగ్-21లు పూర్తిగా దిగిపోయింది పోయిన సెప్టెంబరు 26న. ఈ మధ్యలో కుర్ర పైలట్లు ఆ పాత విమానాలే నడిపారు. నాన్న ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్న రోజులు నాకు గుర్తున్నాయి. ఆ రోజుల్లో అమ్మ ఏమీ అడిగేది కాదు.

అందుకే ఆలస్యాన్ని నేను చిన్న విషయంగా చూడలేను. రాకెట్ పడితే అందరికీ కనిపిస్తుంది. విమానం పదేళ్లు ఆలస్యమైతే దాని ఖర్చు ఇంకెక్కడో, ఇంకెవరో కడతారు. ఆ లెక్క ఏ పేపర్లోనూ రాదు.

నిర్వాహకులు
జనవరి 13, ఉదయం 9.40

ఇద్దరు సభ్యులు ఏ ప్రభుత్వం హయాంలో ఎంత ఆలస్యమైందని వాదన మొదలుపెట్టారు. ఆ రెండు పోస్టులు తీసేశాం. దయచేసి విషయం మీదే ఉండండి. పండగ శుభాకాంక్షలు.

అనంత ఏరో
జనవరి 13, మధ్యాహ్నం 1.20

గండికోట అన్నా, మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆలస్యం గురించి మీరన్నది నేను కాదనను. తేజస్ ఎందుకు ఆలస్యమైందో కూడా సార్ పిల్లలకు చెప్పాలి, ఎందుకంటే అక్కడ అసలైన పని జరిగింది.

తేజస్ వెనక అడ్డ తోక లేని, తనంతట తాను నిలకడగా ఎగరని విమానం. కావాలనే అలా చేశారు, చురుగ్గా తిరగడానికి. కంప్యూటర్ క్షణక్షణం సరిచేస్తేనే గాల్లో ఉంటుంది. ఆ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ పనిని మనవాళ్లు అమెరికాలో ఒక కంపెనీతో కలిసి చేస్తున్నారు. 1998లో పోఖ్రాన్ అణు పరీక్షలు జరిగాయి. ఆంక్షలు పడ్డాయి. మనవాళ్లను వెనక్కి పంపేశారు. ఇక బెంగళూరులోనే కూర్చుని సొంతంగా పూర్తిచేశారు. రెండున్నరేళ్లలో విమానం ఎగిరింది. 2001 నుంచి 2024 మార్చిలో జైసల్మేర్ దగ్గర కూలేదాకా ఇరవై మూడేళ్లు ఒక్క తేజస్ కూడా కూలలేదు. అప్పుడు కూడా పైలట్ క్షేమంగా దూకారు.

సొంత ఇంజన్ మాత్రం మనకు ఇంకా రాలేదు. మనవాళ్లు దానికోసం చేస్తున్న కావేరీ ఇంజన్‌ను తేజస్ నుంచి 2008లో విడదీశారు. ఇప్పటికీ అమెరికా ఎఫ్404 ఇంజన్‌తోనే ఎగురుతోంది. తేజస్ కొత్త రకం మార్క్-1ఏ కోసం 2021లో 99 ఇంజన్లు కొంటే మొదటిది చేతికొచ్చింది 2025 మార్చిలో. ఇంజన్ లోపల అన్నిటికంటే వేడి చోట ఉండే టర్బైన్ రేకులు వాటి లోహం కరిగే వేడికంటే ఎక్కువ వేడి వాయువులో తిరగాలి. అలాంటి ప్రతి రేకూ ఒకే స్ఫటికంగా పోతపోయాలి, లోపల గాలి పోయే సన్నని దారులు ఉండాలి. ఆ విద్య ఉన్న దేశాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. డబ్బు పెడితే కొనుక్కునేది కాదు.

పోయిన నవంబరు 21న దుబాయ్ ఎయిర్‌షోలో తేజస్ కూలి వింగ్ కమాండర్ నమాంశ్ స్యాల్ గారు ప్రాణాలు కోల్పోయారు. దాని గురించి ఊహలు రాయడం నాకు ఇష్టం లేదు.

2009 మార్చి 6న సారస్ అనే చిన్న ప్రయాణికుల విమానం నమూనా బెంగళూరు పక్కన బిడది దగ్గర కూలింది. గాల్లో ఇంజన్ ఆపి మళ్లీ రాజేసే పరీక్ష చేస్తున్నారు. అందులో ఉన్న ముగ్గురూ పోయారు. మనం సీట్లో కూర్చుని నిద్రపోతామే, ఆ నిద్ర వెనక ఇలాంటి పరీక్షలు చేసినవాళ్లు ఉన్నారు. వాళ్ల గురించి ఒక్క పీరియడ్ అయినా చెప్పండి సార్.

ప్రొద్దుటూరు ఇంటర్
జనవరి 13, సాయంత్రం 5.05

నేను సెకండ్ ఇయర్ ఎంపీసీ. ఒక డౌట్. అమెరికా కంపెనీ స్పేస్‌ఎక్స్ పరీక్షిస్తున్న పెద్ద రాకెట్ స్టార్‌షిప్ పేలితే వాళ్లు చప్పట్లు కొడతారు. మన రాకెట్ పోతే మనం ఏడుస్తాం. వాళ్ల పద్ధతి మంచిదా, మనదా?

నల్లమల
జనవరి 13, సాయంత్రం 6.30

తమ్ముడూ, మంచి ప్రశ్న. తేడా ఎక్కడుందంటే, స్టార్‌షిప్ పరీక్షల్లో ఎవరి విలువైన ఉపగ్రహమూ ఉండదు. పేలడం కూడా లెక్కలో ఉన్నదే. నిన్నటి పీఎస్‌ఎల్‌వీ పరీక్ష కాదు, డెలివరీ. పార్శిల్ మోసుకెళ్లే బండి దారిలో పడిపోయినట్టు. రెండింటినీ ఒకే త్రాసులో పెట్టకూడదు.

అయినా స్పేస్‌ఎక్స్‌కు కూడా ఏడ్చిన రోజులు ఉన్నాయి. వాళ్ల మొదటి రాకెట్ ఫాల్కన్-1. 2006లో పడింది, 2007లో పడింది, 2008 ఆగస్టులో పడింది. మొదటిసారి కారణం తెలుసా? ఇంధనం గొట్టం దగ్గర అల్యూమినియం నట్టు. పసిఫిక్ సముద్రం మధ్య దీవిలో ఉప్పు గాలికి అది తినేసుకుపోయింది. మూడోసారి విడిపోయిన కింది దశలో కొంచెం నెట్టుడు మిగిలి ఉండి అది వెనకనుంచి వచ్చి పై దశకు తగిలింది. విడిపోవడానికి, పైది అంటుకోవడానికి మధ్య కొన్ని సెకన్లు ఎక్కువ ఆగితే చాలు. దిద్దింది అంతే. రెండు నెలల్లోపే, 2008 సెప్టెంబరు 28న, కక్ష్యకు చేరింది.

స్టార్‌షిప్ కూడా 2024 అక్టోబరులో తిరిగొచ్చిన బూస్టర్‌ను టవర్ చేతులతో పట్టుకుని అందరినీ ఆశ్చర్యపరిచింది. మళ్లీ 2025 జనవరిలో, మార్చిలో పై భాగం గాల్లోనే పేలి శకలాలు కరీబియన్ మీద పడ్డాయి, విమానాలను దారి మళ్లించాల్సి వచ్చింది. జూన్‌లో నేల మీదే ఒకటి పేలింది. ఆగస్టులో, అక్టోబరులో బాగా ఎగిరింది. ముందుకు పోవడం అంటే తిన్నగా పైకి పోయే గీత కాదు.

ప్రొద్దుటూరు ఇంటర్
జనవరి 13, సాయంత్రం 6.41

మరి సునీతా విలియమ్స్ గారు వెళ్లిన బోయింగ్ అంతరిక్ష నౌక స్టార్‌లైనర్? అది ఖాళీగా క్షేమంగానే దిగింది కదా. అంటే వాళ్లు అందులోనే వచ్చేయొచ్చు. తొమ్మిది నెలలు ఊరకే పైన ఉంచారు అనిపిస్తుంది.

అనంత ఏరో
జనవరి 13, రాత్రి 8.15

కాదు తమ్ముడూ. ఇది చాలామంది పొరపడే చోటు, అందుకే కొంచెం నిదానంగా చెప్తాను.

2024 జూన్ 5న సునీతా గారు, బుచ్ విల్మోర్ గారు ఎనిమిది రోజులకని వెళ్లారు. హీలియం లీకులు, అంతరిక్ష కేంద్రానికి దగ్గరవుతుంటే నౌకను అటూ ఇటూ నెట్టే చిన్న ఇంజన్లు, థ్రస్టర్లు, కొన్ని ఆగిపోయాయి. ఎందుకు ఆగాయో నమ్మకంగా చెప్పలేకపోయారు. దిగేటప్పుడు మళ్లీ ఆగవని ఎవరూ హామీ ఇవ్వలేదు. అందుకే నాసా మనుషులను దాంట్లో పంపలేదు. సెప్టెంబరులో అది ఖాళీగా దిగింది. వాళ్లిద్దరూ మన లెక్కన 2025 మార్చి 19 తెల్లవారుజామున స్పేస్‌ఎక్స్ డ్రాగన్ నౌకలో వచ్చారు, 286 రోజుల తర్వాత.

క్షేమంగా దిగింది కాబట్టి ఆ నిర్ణయం తప్పు అనకూడదు. కళ్లు మూసుకుని రోడ్డు దాటినవాడు బతికాడని ఆ పద్ధతి మంచిదైపోతుందా? నిర్ణయం తీసుకున్న గంటకు వాళ్లకు ఏం తెలుసో దాన్ని బట్టే చూడాలి. 1986 జనవరి 28న నాసా అంతరిక్ష నౌక ఛాలెంజర్ ఎగిరే ముందు రాత్రి, ఈ చలికి రబ్బరు రింగులు బిగుసుకుపోతాయి, ఆపండి అని ఇంజినీర్లు చెప్పారు. వాళ్ల మాట పక్కనపెట్టారు. ఎగిరిన 73 సెకన్లకు ముక్కలైపోయింది. కల్పనా చావ్లా గారి కొలంబియా నౌక ఎగిరేటప్పుడు ఇంధన ట్యాంకు మీది నురుగు ముక్క ఊడి వచ్చి రెక్కకు తగిలింది. అంతకుముందు ప్రయోగాల్లోనూ నురుగు ఊడి తగిలేది, ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కాబట్టి అది మామూలే అనుకున్నారు. లోపం అలవాటైపోయింది. నా ఉద్యోగంలో నేను అన్నిటికంటే ఎక్కువ భయపడేది ఆ అలవాటుకే.

తుంగభద్ర తీరం
జనవరి 14, ఉదయం 5.50

భోగి మంట వేసి వచ్చి రాస్తున్నాను. అనంత అమ్మాయి చెప్పిన మాట మీద నాకొక రాత్రి గుర్తొచ్చింది.

2019 జూలైలో చంద్రయాన్-2 చూడాలని మా మనవణ్ని తీసుకుని శ్రీహరికోట వెళ్లాను. వాడు అప్పుడు ఐదో తరగతి. కర్నూలు నుంచి బస్సులో తిరుపతి, అక్కడి నుంచి సూళ్లూరుపేట. గ్యాలరీ నిండా జనం. ప్రయోగం తెల్లవారుజామున 2.51కి. పులికాట్ మీది నుంచి ఉప్పగాలి, దోమలు. వాడికి నిద్ర లేదు, ఆకలి లేదు, జెండా పట్టుకుని కూర్చున్నాడు. కౌంట్‌డౌన్ 56 నిమిషాల 24 సెకన్ల దగ్గర ఆగింది. మొదట ఎవరికీ అర్థం కాలేదు. కాసేపటికి, ఈరోజు లేదు అన్నారు. సాంకేతిక లోపం కనిపించిందట.

మనవడు ఏడ్చాడు. తిరుగు బస్సులో కడప దాటేదాకా నాతో మాట్లాడలేదు. నాకూ మనసులో కష్టంగానే ఉండింది, అంత దూరం వెళ్లాం కదా. సరిగ్గా వారానికి, 22న మధ్యాహ్నం 2.43కి అదే రాకెట్ ఎగిరింది. ఇంట్లో టీవీలో చూశాం. అప్పుడు వాడే అన్నాడు, "తాతా, ఆ రోజు ఆపకపోయి ఉంటే ఇది ఉండేది కాదు కదా" అని.

సెప్టెంబరు 7న దాని ల్యాండర్ విక్రమ్ చంద్రుడి మీద పడిపోయింది. 2023 ఆగస్టు 23న సాయంత్రం 6.04కి చంద్రయాన్-3 దిగింది. దిగే చోటు మొదటిసారి అర కిలోమీటరు చదరం పెట్టుకుంటే, రెండోసారి నాలుగు కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పు ఉంచుకున్నారు. కాళ్లు గట్టిచేశారు. ఇదంతా అందరికీ తెలిసిందే. కానీ నేను ఎవరికైనా చెప్పేటప్పుడు ఆ ఆగిపోయిన రాత్రితోనే మొదలుపెడతాను.

గండికోట గాలి
జనవరి 14, ఉదయం 8.00

పెద్దాయన గారూ, దీన్ని మా నాన్నకు చదివి వినిపించాను. ఆయన ఒకటే అన్నారు: "విమానాన్ని ఆపినవాడి పేరు ఎవరికీ గుర్తుండదు."

ఓర్వకల్లు సైన్స్ సార్
జనవరి 21, రాత్రి 8.35

అందరికీ మళ్లీ నమస్కారం. బడి తెరిచాక రెండు పీరియడ్లు దీనికే ఇచ్చాను. దీపావళినాటి ఖాళీ చిచ్చుబుడ్లు రెండు తీసుకెళ్లాను. ఒకదాని మూతి పగలగొట్టి చూపిస్తే పీడనం సంగతి పది నిమిషాల్లో అర్థమైంది. అనంత మేడమ్ సాకెట్ కథ చెప్పినప్పుడు క్లాసంతా నిశ్శబ్దం. ఆ అబ్బాయి ఉద్యోగం ఉందా పోయిందా అని ముందు అడిగారు. ఉంది అన్నాక ఊపిరి పీల్చుకున్నారు.

"అమెరికావాళ్లే" అన్న పిల్లాడికి ఫాల్కన్ నట్టు చాలా నచ్చింది. ఇంటికెళ్లి వాళ్ల నాన్న మోటార్ షెడ్డులో తుప్పు పట్టిన నట్లు ఏరుకొచ్చి నా బల్ల మీద పోశాడు.

తర్వాత డ్రాయింగ్ షీటు మీద ఒక చార్టు గీశాం. తేదీ, ఏ వాహనం, ఏం జరిగింది, కారణం ఏమిటి, తర్వాత ఏం మార్చారు, ఇలా ఐదు గడులు. 1979 ఎస్‌ఎల్‌వీ నుంచి మొదలుపెట్టి మ్యాక్స్, స్టార్‌లైనర్ దాకా పిల్లలే నింపారు. 2010లో ఇస్రో పెద్ద రాకెట్ జీఎస్‌ఎల్‌వీ రెండుసార్లు పోవడం, 2013 ఆగస్టులో ఇంధనం లీకైతే గంటంపావు ముందు ఆపేయడం, 2014 జనవరి 5న అతి చల్లని ద్రవ ఇంధనంతో నడిచే మన సొంత క్రయోజెనిక్ ఇంజన్‌తో గెలవడం, ఇవి ఒక వరసలో పక్కపక్కన రాసుకుంటే వాళ్లకే లెక్క తెలిసిపోయింది. నేను పెద్దగా చెప్పాల్సిన పని పడలేదు.

చివరి రెండు వరసలు సీ61, సీ62. కారణం గడి దగ్గరకొచ్చి అందరూ నా వైపు చూశారు. ఒకరు "తెలియదు" అని రాద్దామన్నారు, ఇంకొకరు గీత కొట్టేద్దామన్నారు. ఆ రోజు ప్రశ్న అడిగిన అమ్మాయి ఒప్పుకోలేదు. పెన్సిల్‌తో "ఇంకా చెప్పలేదు" అని రాసింది. రబ్బరు నా దగ్గరే ఉంచుతాను సార్ అంది.

చార్టు ఫోటో పెడుతున్నాను. పిల్లల పేర్లున్న మూల కత్తిరించాను.

నల్లమల
జనవరి 21, రాత్రి 9.02

సార్, చూశాను. ఇస్రో పాత రాకెట్ ఏఎస్‌ఎల్‌వీ రెండో ప్రయోగం తేదీ 1987 మార్చి 24 అని పడింది. అది మొదటిది. రెండోది 1988 జూలై 13.

ఓర్వకల్లు సైన్స్ సార్
జనవరి 22, సాయంత్రం 4.50

అవును, పొరపాటే. ఈరోజు క్లాసులో చెప్పి దిద్దించాను. తప్పు ఎవరు పట్టుకున్నారని అడిగారు, మీ గురించి చెప్పాను.